బస్సు వెనక తలుపు

ఎనభైల్లో మా నాన్నకి తెనాలిలో వెల్డింగు షెడ్డు ఉండేది. రేపల్లె వైపు తిరిగే ప్రైవేటు బస్సులు రిపేర్లకి అక్కడికే వచ్చేవి. బడి వదిలాక నేను ఆ షెడ్డులోనే ఓ మూల కూర్చుని హోంవర్కు రాసుకునేదాన్ని.

ఒకరోజు ఒక బస్సు ఓనరు వచ్చాడు. రేపల్లెలో చేపల గంపలవాళ్లు బస్సు వెనకున్న అత్యవసర ద్వారం తీసుకుని ఎక్కేస్తున్నారట, కండక్టరుకి రోజూ గొడవేనట.

"ఆ తలుపు రెండు చోట్ల అతికేసెయ్ మేస్త్రీ, పీడా పోద్ది," అన్నాడు.

"ప్రమాదమొస్తే దిగేది దాంట్లోంచేనండి," అన్నాడు నాన్న.

"ముందు తలుపుందిగా. దానికేంటి?"

నాన్న వెల్డింగు రాడ్డు అందుకున్నాడు. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. కూరలో ఉప్పు తగ్గితే ఇల్లు పీకి పందిరేసే మనిషికి అక్కడ నోరు పెగల్లేదు. పైగా అరకొర పని చేయడం చేతకాక, రెండు చోట్ల అతకమంటే తలుపు చుట్టూ పైనుంచి కిందిదాకా నిండుగా అతికాడు. నున్నగా అరగదీసి రంగు కూడా వేశాడు. ఎంత బాగా కుదిరిందో చూడమని నన్ను పిలిచి చూపించాడు.

కొన్ని నెలలకి, పట్టపగలు, రేపల్లె నుంచి వస్తుంటే ఆ బస్సు ఇంజను దగ్గర వైర్లు అంటుకున్నాయి. ముందు సీట్లవాళ్లు ఎలాగో దిగారు. వెనకవాళ్లు ఆ తలుపు మీద పడ్డారు. పొలాల్లో పని చేసుకునేవాళ్లు పరిగెత్తుకొచ్చి, గడ్డపలుగులతో కిటికీ ఊచలు వంచి ఒక్కొక్కరినీ లాగారు. ఒకావిడని మాత్రం లాగలేకపోయారు. ఆమె అంగలకుదురులో పంతులమ్మ. మా చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే.

నాన్న సైకిలేసుకుని వెళ్లి చూసొచ్చాడు. అన్నం ముట్టలేదు.

"లోపల్నించి తన్నిన సొట్టలున్నాయే. రెండు చోట్లే అతికుంటే ఊడొచ్చేది," అన్నాడు అమ్మతో.

పోలీసులు ఓనర్నీ డ్రైవర్నీ పిలిచి అడిగారు. తలుపు అతికిందెవరని మా దాకా ఎవరూ రాలేదు. పంతులమ్మ భర్త బాపట్లలో గుమాస్తా. వెళ్లి ఆయనకి చెప్పి క్షమాపణ అడగమని అమ్మ రోజూ పోరేది. రేపు వెళ్తానని నాన్న రోజూ అనేవాడు. ఆదివారం చర్చికి వెళ్లడం కూడా మానేశాడు.

ఓ సాయంత్రం పంతులమ్మ భర్తే షెడ్డుకి వచ్చాడు. మనిషి సగమైపోయాడు. భార్య సమాధి మీదకి ఇనప సిలువ కావాలన్నాడు.

"బాపట్లలో కూడా చేస్తారండి. కానీ గాలివానలొస్తాయి కదా. మీరు అతికితే ఇక ఊడదని అందరూ అన్నారండి."

నాన్న పెదవులు కదిలాయి. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. చెప్పాలని మనసులో ప్రార్థన కూడా చేసుకున్నాను. నాన్న కొలత టేపు అందుకుని, సిలువ ఎంత ఎత్తుండాలండీ అని అడిగాడు.