కళ్లు మూసి నేసిన జానెడు

నా పెళ్లి చీర కోసం నాయిన మగ్గం మీద కూర్చున్న రోజుల్లో నేను చౌటుప్పల్‌లో మందుల ఫ్యాక్టరీలో పనిచేసేదాన్ని. బస్సులో రానూ పోనూ పాత ఇంగ్లిష్ రాక్ పాటలే నాకు తోడు. ఆ పాటల్లో మనిషిని ముంచేది మాటలేనని గట్టిగా నమ్మాను. ఇల్లు వదిలినవాడి దిగులు, తెగని దారి. అర్థం తెలియనివాళ్లకు అదంతా ఉత్త గోలే అనుకునేదాన్ని.

నాయిన కూడా అదే అన్నాడు. "గిదేం పాట బిడ్డా, రేకుల షెడ్డు కూలినట్టు."

ఓ ఆదివారం ఆయన పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతూ, చిన్న స్పీకర్‌లో నాకిష్టమైన పాట పెట్టాను. మొదట వాన చప్పుడు, దాని మీద ఒంటరి గిటారు. గొంతు ఎంతకీ రాదు. డ్రమ్స్ ఇంకా ఆలస్యం. అవి మొదలవగానే మగ్గం చప్పుడు మారింది. తలెత్తి చూసి బిత్తరపోయాను. నాయిన కళ్లు మూసుకుని నేస్తున్నాడు.

మాది ఇక్కత్ పని. రంగులద్దిన పేక పోగును, అంటే అడ్డంగా నేసే దారాన్ని, ప్రతిసారీ చేత్తో జరిపి, పువ్వు అంచు కలిసిందని చూసుకున్నాకే ముందుకు పోవాలి. ఒక్క పోగు తప్పినా నేసిందంతా విప్పేసే మనిషి ఆయన. పాట అయ్యేసరికి జానెడు మేర పువ్వులన్నీ పక్కకు ఒరిగి ఉన్నాయి.

అమ్మ వచ్చి చూసి నెత్తి పట్టుకుంది. నన్ను చేసుకునేవాళ్లదీ మగ్గాల ఇల్లే. మా పెళ్లిళ్లలో ఆడవాళ్లు ముందు చీర అంచు పట్టి చూస్తారు, పెళ్లికూతురి ముఖం తర్వాతే.

"ఆళ్ల ముందల ఇజ్జత్ పోతది. ఇప్పెయ్," అంది.

"నేను ఇప్ప," అన్నాడు నాయిన.

ఇద్దరం నిర్ఘాంతపోయాం. నాకైతే ఏడుపొచ్చింది, కట్టుకోవాల్సింది నేను కదా. "ఒక్క మాట తెల్వకపాయె, ఏం నచ్చింది నాయినా?" అని నిలదీశాను.

"ఏమో బిడ్డా. గా వాన సప్పుడుకే లోపటికి పోయిన. మల్ల బయటికి రానియ్యలే."

పెళ్లిలో మా అత్త, పెళ్లికొడుకు తల్లి, అంచు పట్టనే పట్టింది. ఒరిగిన పువ్వుల దగ్గర ఆమె వేలు ఆగింది.

"గిక్కడ ఏమైంది అన్నా?" అని నాయినను అడిగింది.

తల దించుకుంటాడనుకున్న మనిషి, అందరిలో హాయిగా నవ్వాడు.

"గక్కడ డోలు మొదలైంది చెల్లె."