ప్లాస్టిక్ ఫైబర్, గాజు ఫైబర్, మా అత్త

మా మేనత్త మొన్న మదురై ఆసుపత్రిలో పోయింది. కబురు అందేసరికి నేను కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో కేబుల్ పరీక్షిస్తున్నాను. ఒకప్పుడు ఆవిడ చేసిన పనే అది. నాకు నేర్పిందీ ఆవిడే.

కేబుల్‌లోంచి తెంపిన సన్నని గాజు పోగు ముక్కలను టేపుకు అంటించి సీసాలో వేసేది. "కంటికి కనబడదు, కాలికి కనబడుతుంది కణ్ణూ" అనేది. నలభై దాటిన నన్ను కూడా, చంటిపిల్లల్ని పిలిచినట్టు, కణ్ణూ అనే పిలిచేది.

చాలా ఏళ్ల కిందట, నేను పని నేర్చుకునే రోజుల్లో, ఒక మిల్లు షెడ్డులో పొగ అలారం సంకేతాన్ని వెలుతురుగా మోసే ప్లాస్టిక్ ఫైబర్ ఉండేది. అక్కడి నుంచి ఆఫీసు దాకా గాజు ఫైబర్. గాజుకు గాజునైతే వేడితో అతికిస్తాం. ఆ వేడికి ప్లాస్టిక్ కరిగిపోతుంది. పైగా ప్లాస్టిక్‌ది లావు, గాజుది వెంట్రుకంత సన్నం. మధ్యలో వెలుతురును అందుకుని మళ్లీ పంపే పెట్టె ఒకటి కావాలి. అది రావడానికి వారం పడుతుందన్నారు. ఓనరు తొందరపెట్టాడు.

"కుండెడు నీళ్లు సూది కంతలో పోస్తే దూరుతాయా? పెట్టె వచ్చేదాకా ఆగు" అంది అత్త. నేను ఆగలేదు. ఆవిడ లేని పొద్దున రెండు కొనలూ ఎదురెదురుగా పెట్టి జిగురు వేశాను. మీటరు సరిగానే చూపించింది. పని అయిందని అత్త తరఫున సంతకం పెట్టాను.

నాలుగు రోజులకు, మధ్యాహ్నం ఎండకు ఆ అతుకు జారింది. దూది అంటుకుంటే అలారం ఆఫీసుకు చేరలేదు. మంట ఆర్పబోయిన ఒక కూలీ అమ్మాయి కుడిచెయ్యి కాలింది.

"ఎవురు కలిపింది ఇది?" అన్నాడు ఓనరు.

"నేర్పించింది నేను సార్. తప్పు నాదే" అంది అత్త.

బస్సులో నేను ఏడుస్తుంటే, "ఏడిస్తే ఆ పిల్ల చెయ్యి సరి అవుతుందా? పెట్టె వచ్చినాక ఒళ్లు దగ్గర పెట్టుకుని కలుపు" అంది. అంతే. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తరువాత ఏ మిల్లూ ఆవిడను పిలవలేదు. ఆవిడ పనులు నాకు వచ్చాయి. నేను చేసుకున్నాను. నిజం ఎవరికీ చెప్పలేదు.

నేను మదురై చేరేసరికి అత్త శవం పక్కన ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. ఎవరని అత్త కూతురిని అడిగాను.

"ఆ మిల్లులో చెయ్యి కాలిందే, ఆయమ్మే. మా అమ్మ నెలనెలా పోయి చూసి వస్తా వుండె. నీకు తెలీదా?"

తెలియదు. నేను ఒక్కసారీ వెళ్లలేదు.

గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. ఆమె నన్ను చూడలేదు. సగం ముడుచుకుపోయిన వేళ్లతో, అత్త నుదుటి మీద పడ్డ తెల్లవెంట్రుకలను మెల్లగా వెనక్కి సవరిస్తూ ఉంది.