ఎడమచేత్తో వాయించిన కిటికీలు

మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన ఏడాదే నేను ఫోనుతో ఫోటోలు తీయడం మొదలుపెట్టాను. ఆయన ప్రభుత్వ కర్మాగారంలో ఫిట్టరు. ఆదివారాలు చర్చిలో పాటలకు ఢోలక్ వాయించేవాడు. ఆసుపత్రి నుంచి సైదాబాద్‌లోని మా ఇంటికి తిరిగొచ్చాక మాట మెల్లగా కుదుటపడింది. చెయ్యి మాత్రం రాలేదు. ఎక్కడైనా పాట వినబడితే కిటికీ తలుపు మూసెయ్యమనేవాడు.

నేను కార్వాన్‌లో ఒక బడిలో టీచరుని. రాత్రుళ్లు సరిగా నిద్రలేక, పొద్దున బస్సు దిగి గల్లీల్లో నడుస్తుంటే అన్నీ నీళ్ల అడుగున ఉన్నట్టు, కొంచెం కదులుతున్నట్టు కనబడేవి. రేకు పెట్టెలమ్మే దుకాణం మీద ఒక పాత మేడ ఉండేది. దాని కిటికీలు ఒకటి తెరిచి, ఒకటి మూసి, మళ్లీ ఒకటి తెరిచి ఉండేవి. బాల్కనీ ఊచల నీడలు గోడ మీద ఏటవాలుగా జారేవి. ఎందుకో ఆగి ఫోటో తీశాను.

సాయంత్రం ఊరికే ఆయనకు చూపించాను. చాలాసేపు చూశాడు. ఎడమచేతి వేళ్లు దుప్పటి మీద కదలడం మొదలుపెట్టాయి.

"ఏం చేస్తున్నావ్?" అన్నాను.

"ఏం లే. తెరిసిన కిటికీకి గట్టి దెబ్బ, మూసినదానికి మెత్తటిది. గా మూలకు ఒక రెక్క ఊడింది సూడు, ఆడ ఖాళీ. గా ఖాళీల్నే మజా ఉన్నది."

ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి తెచ్చేదాన్ని. చాయ్ హోటల్లో బోర్లించిన గ్లాసులు, మూసిన షట్టర్ల మడతలు, నులక మంచం అల్లిక, మెట్ల మీద విడిచిన చెప్పులు. ఆయన ఒక్కొక్కదాన్నీ వేళ్లతో చదివేవాడు. కొన్నింటిని "ఇది ఉత్త లొల్లి" అని పక్కకు జరిపేవాడు. అవి నాకూ అలాగే అనిపించేవి. ఫోటో తీసే ముందు పావురం వాలేదాకా, ఎవరైనా నడిచి దాటిపోయేదాకా ఆగడం నాకు మెల్లగా అలవాటైంది.

ఒకరోజు పెట్టెల దుకాణం ఆయన పలకరించాడు.

"రోజు ఫోటో తీస్తున్నవ్ గదమ్మా, ఇగ జల్దీ తీస్కో. పై మేడ కూలగొడుతున్నరు."

ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పాను.

"నన్ను ఆడికి తోల్కపో," అన్నాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన గడప దాటడం అదే మొదటిసారి. ఆదివారం మధ్యాహ్నం ఆటోలో వెళ్లాం. అప్పటికే పైకప్పు తీసేసి, కిటికీలు ఊడదీశారు. గోడలో చౌకాలు చౌకాలుగా ఆకాశం ఉంది. అవతలి నుంచి వెలుతురు పడి, గాల్లో లేచిన సున్నపు దుమ్ము తెల్లగా, తీరిగ్గా తేలుతోంది. పోయినవి పోయినా వాటి వరస అలాగే నిలబడి ఉంది.

దుకాణం ఆయన గల్లీకి అవతల పేర్చిన పెట్టెల దగ్గర, మేడ కనబడేలా మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టాడు. మా ఆయన పక్కనున్న రేకు పెట్టె మీద ఎడమచెయ్యి వేసి ఒకసారి కొట్టాడు. లోతైన శబ్దం వచ్చింది. మళ్లీ కొట్టి ఆగిపోయాడు.

"రెండో చెయ్యి కావాలె," అన్నాడు. "నువ్వు కుడివైపు కొట్టు."

"నాకు రాదు."

"రోజు గిదే చూస్తున్నవ్ గదా. గోడ చూసుకుంట కొట్టు."

నేనూ పెట్టె మీద చెయ్యి వేశాను. ఖాళీ చౌకం దగ్గర ఒక దెబ్బ, గోడ దగ్గర మరొకటి. తప్పినప్పుడల్లా ఆయన ఆగి, నా కోసం మొదటి నుంచి అందుకున్నాడు. ఒకచోట రెండు చేతులూ కలిశాయి. అప్పుడు ఆయన నవ్వాడు. ఆసుపత్రి తర్వాత మూతి కొంచెం ఒక పక్కకు పోయింది. ఆ నవ్వు నాకు కొత్తగా, చాలా అందంగా కనబడింది.

గల్లీలో పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు నిలబడ్డారు. దుకాణం ఆయన చాయ్ తెప్పించాడు. అది చల్లారిపోయినా మేము ఆపలేదు.