దుబాయికి నేను రాసిన ఈమెయిల్

నాలుగు కొత్త మగ్గాలనూ మా నాన్న పరువునూ ఒకే ఒక్క ఈమెయిల్‌తో ముంచబోయిన మహానుభావుణ్ని నేనే. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

బెంగళూరు కాటన్‌పేటలో మాది తువ్వాళ్ల హోల్‌సేల్ కొట్టు. అప్పుడే ఎంబీయే ముగించి వచ్చి, విదేశాలకు మనమే ఎగుమతి చేద్దామని నాన్నను ఊదరగొట్టాను. పాపం, నా మాట నమ్మి ఆయన యలహంకలోని మా షెడ్డులో కొత్త మగ్గాలు వేయించాడు. ఆర్డరు మాత్రం ఒక్కటీ రాలేదు. మగ్గాలు ఖాళీ, నేతగాళ్లు ఖాళీ, నేను మరీ ఖాళీ.

"పక్క కొట్టు రంగప్ప మామతో ఒక మాట చెప్పించుకోప్పా. ఆయనకు దుబాయిలో మనుషులుండారు" అన్నాడు నాన్న.

"ఇది ఇంటర్నెట్ కాలం నాయనా. ఎవురి మాటా అక్కర్లేదు" అన్నాను. అప్పట్లో నా తల ఎప్పుడూ మబ్బుల్లోనే ఉండేది లెండి.

నెట్లో ఒక దుబాయి కంపెనీని పట్టుకుని ఈమెయిల్ రాశాను. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? "మా పేటలోని పాత వ్యాపారులను నమ్మకండి. మా పక్క కొట్టు పెద్దాయనకు కబుర్లే తప్ప సరుకు తెలియదు" అని కూడా తగిలించాను.

వారంలో జవాబొచ్చింది. బెంగళూరులో ఉన్న తమ మనిషి వచ్చి సరుకు చూస్తాడట, ఆయన సరేనంటే ఆర్డరట. నేను గాల్లో తేలిపోయాను. షెడ్డు కడిగించాను, పూలగుత్తి తెప్పించాను, టై కట్టుకున్నాను. సరిగ్గా ఆ మనిషి రావాల్సిన సమయానికి రంగప్ప మామ ఆటో దిగాడు.

"ఈపొద్దు వద్దు మామా. దుబాయి వాళ్ల మనిషి వస్తా ఉండాడు."

"వచ్చేసినాడప్పా."

"యాడ?"

"నీ ముందర నిలబడుకోని ఉండాడు."

పూలగుత్తి ఇవ్వాలో దాచాలో తెలియలేదు. మామ నింపాదిగా ఫోను తీశాడు.

"నీ మెయిలు వాళ్లు నాకే పంపించినారు. పక్క కొట్టు పెద్దాయనంటే ఎవురప్పా?"

"అది... ఆ పక్కాయన మామా."

"ఆ పక్క ట్రాన్స్‌ఫార్మర్ కదప్పా ఉండేది."

తర్వాత గంటసేపు తువ్వాళ్లను తడిపాడు, పిండాడు, అంచులు లాగి చూశాడు. పక్కనే ఉన్న నాన్న మొహం చూడలేక నేను టైని చూసుకుంటూ నిలబడ్డాను. చివరికి మామ దుబాయికి ఫోను చేసి స్పీకరు నొక్కాడు. అక్కడ కొనుగోళ్లు చూసేది ఆయన తోడల్లుడి కొడుకేనట.

"సరుకెట్లుండాది పెదనాయనా? పిల్లోడెట్లాంటోడు?"

"తువ్వాల బాగుండాది. పిల్లోడు మనోడే, బుద్ధి ఇంకా రావల్ల. నువ్వు ఆర్డరు పంపించు."

మగ్గాలు మరుసటి వారమే మోగాయి. నేను మాత్రం ఆ రోజే చెంపలేసుకుని ఘోర ప్రతిజ్ఞ చేశాను: రంగప్ప మామకు చదివి వినిపించకుండా ఇక ఏ దేశానికీ అక్షరం ముక్క రాయను. ఆ మాట నేటికీ తప్పలేదు. మామ కూడా ప్రతి మెయిలూ ఓపిగ్గా విని, తన గురించి రెండు మంచి మాటలు చేర్పించాకే పంపనిస్తాడు.