రబ్బరుకు చెరగని గీత

రిటైరవడానికి ముందు ఏడాది, మా గుంటూరు వైపు కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే రోజుల్లో, కాకినాడ నుంచి బియ్యం బస్తాలతో బయలుదేరిన ఒక చిన్న సరుకు ఓడకు కెప్టెన్‌గా ఉన్నాను. పెద్ద ఓడలు కంప్యూటర్ తెరల మీద దారి చూసుకుంటున్నా, మా ముసలి ఓడ ఇంకా కాగితం చార్టుల మీదే నడిచేది. చార్టు అంటే సముద్రపు పటం. ఎక్కడ ఎంత లోతు, ఎక్కడ రాయి, ఎక్కడ దీపం ఉన్నాయో అది చెబుతుంది. వాటిలో మార్పులు వారం వారం వస్తాయి. ఆ మార్పులను చార్టు మీద చేత్తో దిద్దడం సెకండాఫీసరు పని.

మా సెకండాఫీసరు ప్రభుదాస్‌ది వేటపాలెం. మంచి పనిమంతుడు. దారిలో ఆయిల్ కోసం ఒక రేవులో ఆగినప్పుడు, సరుకు వేరే రేవులో దించమని ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. ఆ రేవు చార్టు మా దగ్గర లేదు. మేం ఆగిన రేవులో చార్టులమ్మే ఆయన మంగళగిరి మనిషని తెలియగానే ప్రభుదాస్ పొంగిపోయాడు. చార్టుతో పాటు వాళ్ళింటి గోంగూర పచ్చడి సీసా కూడా వచ్చింది. భోజనంలో నేనూ మారు వడ్డించుకున్నాను.

కొత్త రేవు దగ్గర పడుతుండగా, ఒక పొద్దున చార్టు ముందు కూర్చున్నాను. ప్రభుదాస్ గీసిన దారిని కాస్త పక్కకు జరపాలనిపించి రబ్బరు పెట్టాను. అతని గీత చెరిగింది. దాని కింద ఇంకో పెన్సిల్ గీత ఉంది, అది మాత్రం ఎంత రుద్దినా పోలేదు. అది పెన్సిల్ గీత కాదు, అచ్చు. ఎవరో వాడి పడేసిన చార్టును, వాళ్ళ గీతలతో సహా కాపీ తీసి అమ్మారు.

ప్రభుదాస్‌ను పిలిచాను.

"వాడిన చార్టేనన్నాడండీ. ఈ వారం దాకా దిద్దినట్టు సీలు కూడా ఉంది కదండీ. పాత గీత మీదే మన దారి వేశాను," అన్నాడు. సీలు మీద వేలు పెట్టి, "మనోడే కదా అనుకున్నానండీ," అన్నాడు.

మా నాన్న మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. స్వయానా బావమరిది తెచ్చిన బస్తాలో కూడా మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగున తాలుకాయ ఉందేమో చూసేవాడు. ప్రభుదాస్‌కు ఆ మాటే చెప్పాను. గట్టిగానే చెప్పాను.

కాపీ అయిన రోజుతో అలాంటి చార్టు ఆగిపోతుంది, సముద్రం ఆగదు. మా దగ్గరున్న, తీరమంతా చూపే అసలైన పెద్ద చార్టును బట్టి రేవుకు దూరంగా లోతు బాగా ఉన్నచోట లంగరు వేయించాను. మంచి చార్టు పంపమని రేవులోని ఏజెంటుకు కబురు పెట్టాను. ఆఫీసు మేనేజరు ఫోన్ చేసి, "పైలట్ ఎక్కే చోటు దగ్గరే కదండీ, నిదానంగా పోనివ్వండి," అన్నాడు. పైలట్ అంటే ఓడను రేవులోకి నడిపించే అక్కడి మనిషి. అతను ఎక్కే చోటికి వెళ్ళడానికే ఆ చార్టు కావాలి. ఓడ భద్రత విషయంలో ఆఖరి మాట కెప్టెన్‌దే. "ఇక్కడ ఓడలో ఉన్నది మేమండీ, మీరు కాదు," అని ఫోన్ పెట్టేశాను.

మర్నాడు ఏజెంటు పడవలో అసలు చార్టు వచ్చింది. రెండూ పక్కపక్కన పరిచాం. చెరగని ఆ గీత వెళ్ళే దారిలోనే, కొత్త చార్టులో మునిగిన ఓడ గుర్తు ఉంది. మా ఓడ అడుగు చీరేసేంత పైకే ఉంది అది. ఆ గీత గీసినవాడు క్షేమంగానే వెళ్ళి ఉంటాడు. అతని కాలంలో అక్కడ ఏమీ లేదు.

ప్రభుదాస్ మెస్‌లోకి వెళ్ళి పచ్చడి సీసా తెచ్చి, సముద్రంలోకి విసరబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

నకిలీ చార్టు సంగతి రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నా ఓడకు ఏ చార్టు వచ్చినా, తెచ్చింది ఎవరైనా, ముందు రబ్బరు తీసేవాణ్ణి. ఆ గోంగూర మాత్రం అసలైనదే. దాని రుచి చూసి చార్టును నమ్మడమే మేం చేసిన తప్పు.