మల్లవ్వ అడిగిన గాలి

తుఫాను వస్తోందంటే మా గల్లీలో ముందు కిటకిటలాడేది కిరాణా దుకాణం కాదు, మల్లవ్వ ఇల్లు. నాచారం ఫ్యాక్టరీల వెనక మాదొక పొడుగాటి గల్లీ. దాని చివర రేకుల గదిలో ఉంటూ మల్లవ్వ పాత ఫ్లెక్సీలు అమ్ముతుంది. పుట్టినరోజు శుభాకాంక్షలు, ఫ్లాట్ల ప్రకటనలు, నగల దుకాణాల ప్రారంభోత్సవాలు, అన్నీ ఉప్పల్ చౌరస్తాలో రెండు వారాలు వెలిగి చివరికి ఆమె గుమ్మంలో పడతాయి. వానొచ్చే ముందు జనం వాటిని కొనుక్కుపోయి ఇంటి రేకుల మీద కప్పుకుంటారు. నాయకుల మొహాలు జనానికి పనికొచ్చే సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

నా పేరు భూషణం. ఉప్పల్‌లో ఒక పరిశోధనా సంస్థలో ముప్పై రెండేళ్లు యంత్రాలు బాగుచేసి రిటైరయ్యాను. సొంతవూరు బాపట్ల. తుఫానుల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఈ విషయంలో ఇంకొకడు చెబితే వినను. వాట్సాప్‌లో ఎర్రరంగు బొమ్మలు పంపి జనాన్ని హడలగొట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా పద్ధతి వేరు. గాలి వచ్చే దారి పొడుగునా తెలిసినవాళ్లకు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడుగుతాను: కరెంటు పోయిందా? ఖమ్మంలో పోతే గాలి ఖమ్మంలో ఉన్నట్టు, జనగామలో పోతే జనగామలో ఉన్నట్టు. గంటకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తోందో లెక్కగట్టి మనదాకా ఎప్పుడొస్తుందో చెప్పేస్తాను. పావుగంట అటూ ఇటూ.

కిందటి డిసెంబరులో తుఫాను తీరం దాటిన రోజు సాయంత్రం మల్లవ్వ నా గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. మామూలుగా ఆమె ఎవరి గుమ్మానికీ రాదు.

"సారూ, గాలి మనకాడికి ఎన్ని గంటలకొస్తది? పక్కాగ చెప్పు."

నా లెక్కకు గిరాకీ వచ్చిందని నేను పొంగిపోయాను. "రాత్రి పదకొండున్నర దాటాక. ఇంకా సరిగ్గా కావాలంటే మనకంటే ముందు గాలి తగిలే పోచారంలో ఎవరైనా ఉండాలి."

"నా బిడ్డ ఆడ్నే ఉంటది గద. క్యాంటీన్ల రాత్రి డ్యూటీ. ఫోన్ చేయమంట," అంది.

ఆమెకు ఆ గంట ఎందుకు కావాలో నాకు అప్పుడు తట్టలేదు. తట్టాల్సింది. ఎందుకంటే ఐదేళ్ల కిందట ఇలాంటి డిసెంబరు గాలిలోనే ఆమె మొగుడు పోశయ్య చచ్చిపోయాడు.

పోశయ్య రెండు వీధుల అవతల రాఘవేంద్ర అట్టపెట్టెల షెడ్డులో పనిచేసేవాడు. ఆ ఏడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. నల్లబట్టలు, ఉత్తకాళ్లు, నుదుట గంధం. మాలలో ఉన్నవాణ్ణి చిన్నా పెద్దా అందరూ స్వామీ అనే పిలుస్తారు. షెడ్డు యజమాని రాఘవేంద్ర కూడా అలాగే పిలిచి, "స్వామీ, జర మీదికెక్కి ఫ్లెక్సీ కట్టు," అన్నాడు. పైన గాలి ఫ్లెక్సీని ఎగరేస్తే దాన్ని పట్టుకున్న మనిషి కూడా ఎగిరిపడ్డాడు. మూడు రోజులు దవాఖానాలో ఉండి పోయాడు. పోలీసులు వచ్చి అడిగితే రాఘవేంద్ర ఒకే ముక్క చెప్పాడు: "తాగి ఎక్కిండు. వద్దంటే వినలె."

మాల మెడలో ఉండగా తాగాడట! ఆ మాట పాకడానికి గంట పట్టలేదు. నర్సు కత్తెరతో మాల తెంపి మల్లవ్వ చేతిలో పెట్టింది. పోశయ్య రోజూ భజనకు వెళ్లే పీఠం నుంచి ఒక్క స్వామి కూడా శవం వెంట నడవలేదు. తమ దీక్ష కూడా మైలపడిందని తిట్టుకున్నారు. ఇతరులను అనడం ఎందుకు, నేనూ నమ్మాను. పాలప్యాకెట్లు తెచ్చుకునే చోట నిలబడి నలుగురికి చెప్పాను కూడా.

అప్పట్నుంచి మల్లవ్వ కోరింది ఒకటే. ఆ మాట అన్న నోరే దాన్ని వెనక్కి తీసుకోవాలి. షెడ్డు గేటు ముందు ఎన్నిసార్లు నిలబడిందో లెక్కలేదు. రాఘవేంద్ర ఎప్పుడూ బయటికి రాలేదు. అలాంటివాడు పోయిన కార్తీకం చివర తనే మాల వేసుకున్నాడు. ఆ కబురు నేను చెప్పినప్పుడు మల్లవ్వ పళ్లు కనబడేలా నవ్వింది. ఆ నవ్వు చూసి నేను ఇంట్లోకి వచ్చేశాను.

ఇక ఆ రాత్రి సంగతి. ఏడింటికి మల్లవ్వ ముంగిట్లో పాతికమంది ఉన్నారు. నేను కుర్చీ వేసుకుని ఫోన్లు చేస్తున్నాను. ఖమ్మంలో కరెంటు పోయింది. మల్లవ్వ ఒక్కొక్కరికీ ఫ్లెక్సీ కొలిచి ఇస్తూ ఎలా కట్టాలో కూడా చెబుతోంది. "బిర్రుగ కట్టకు బిడ్డా, గాలి పోనీకి సందియ్యి. గాలి రాకముందే కట్టు. వచ్చినంక మీదికెక్కకు." ఈ చివరి మాట అందరికీ చెప్పింది.

అప్పుడు వచ్చాడు రాఘవేంద్ర. నల్లపంచె, మెడలో మాల, ఉత్తకాళ్లు. మాలలో ఉన్నవాళ్లు ఆడవాళ్లను మాతా అనే పిలవాలి కదా, పిలిచాడు.

"మాతా, పెద్ద ఫ్లెక్సీ ఒకటి కావాలె. షెడ్డు మీద రేకులు కదులుతున్నయ్. లోపల పెట్టెలు మస్తున్నయ్. ఉప్పల్ల ఏడా దొరుకుతలేదు."

మల్లవ్వ తలెత్తి, "ఉన్నది స్వామీ," అంది మర్యాదగా. "నలభై అడుగులది. అన్నిటి కింద వడ్డది. గీ జనాన్ని పంపినంక తీసి నేనే తెచ్చిస్త. పదకొండున్నరైతది."

"గప్పటికి గాలి రాదా?"

"రెండు దాటినంకనే అంట. సారే లెక్కగట్టిండు."

రాఘవేంద్ర నా వైపు తిరిగాడు. మల్లవ్వ కూడా తిరిగింది. నేను చెప్పింది పదకొండున్నర. నా లెక్కను ఎవరైనా తప్పుగా చెబితే అక్కడికక్కడే దులిపేసే రకం నేను. కానీ ఆ రోజు నోరు విప్పలేదు. ఫోన్‌లో ఏదో చూస్తున్నట్టు తల దించుకున్నాను. ఐదేళ్ల కిందట నా నోరు చేసిన పనికి ఇది సరిపోదని నాకు తెలుసు. అయినా మూసుకున్నాను.

"ఇంకొకటి స్వామీ," అంది మల్లవ్వ. "మీదికి నువ్వే ఎక్కి కట్టాలె. ఇంకెవ్వల్ని ఎక్కిచ్చుడు లేదు. మాల పట్టుకొని మాటియ్యి, ఫ్లెక్సీ ఇస్త."

ఆయన చుట్టూ చూశాడు. గాలి లేదు, వాన లేదు, రెండింటిదాకా టైముంది. "గదెంత పని మాతా," అని మాల ముట్టుకుని వెళ్లిపోయాడు.

తొమ్మిదిన్నరకు జనగామలో కరెంటు పోయింది. పదిన్నరకు భువనగిరిలో. గల్లీలో ఎవరూ పడుకోలేదు. నేను గట్టిగా ఊరి పేరు చెప్పినప్పుడల్లా గుమ్మాల్లోంచి "అమ్మో" అని వినబడేది. మల్లవ్వ మాత్రం నలభై అడుగుల ఫ్లెక్సీని మడత పెట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పదకొండుంబావుకు పోచారం నుంచి ఆమె కూతురు భాగ్యశ్రీ ఫోన్ చేసింది. ముందు గాలి హోరే వినబడింది.

"అమ్మా, గిప్పుడే కరెంటు వొయింది. అద్దాలు గడగడమంటున్నయ్. నువ్వు బయటికి రాకు."

"సరే బిడ్డా," అని మల్లవ్వ లేచింది.

"మల్లవ్వా, వద్దు," అన్నాను. "ఇంకో పావుగంటలో మేడిపల్లి దాటేస్తుంది. అతను పడితే చస్తాడు."

"నా మొగనికి ఈ లెక్క ఎవలు చెప్పిన్రు సారూ?" అంది. నేనూ వెంట నడిచాను. మా వెనక గల్లీలో సగంమంది బయల్దేరారు.

షెడ్డు ముందు రాఘవేంద్ర, పాతకాపు పనివాడు మొగిలయ్య ఉన్నారు. మల్లవ్వ మొదట అడిగింది, "లోపల మనుషులున్నరా?" లేరన్నారు. "మంచిది," అని ఫ్లెక్సీ రాఘవేంద్ర చేతుల్లో పెట్టింది. అప్పటికే దుమ్ము లేస్తోంది. వీధిదీపాలు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయాయి. ఉప్పల్ వైపంతా చీకటైంది. అందరూ ఫోన్ లైట్లు వేశారు.

రాఘవేంద్ర గొంతు తగ్గించాడు. "మొగిలీ, జర నువ్వెక్కు."

మొగిలయ్య వెనక్కి జరిగాడు. "మాటిచ్చినవట గద స్వామీ. గల్లీ గల్లీ చెప్పుకుంటున్రు."

"గాలి రెండింటికన్నరు కద!" అని రాఘవేంద్ర నా మీద అరిచాడు.

జవాబు మల్లవ్వే ఇచ్చింది, "నిచ్చెన ఎక్కు స్వామీ."

ఎక్కాడు. అది మొండితనమో, అంతమంది ముందు సిగ్గో, మాల మీద ఇచ్చిన మాటో నాకు తెలియదు. ఫ్లెక్సీ భుజాన వేసుకుని ఐదు మెట్లు ఎక్కేసరికి గాలి వచ్చింది. వీధి మొత్తాన్ని ఎవరో చీపురుతో ఊడ్చినట్టు ఒక్కసారిగా వచ్చింది. ఫ్లెక్సీ విప్పుకుని ఎగిరింది. నిచ్చెన పక్కకు జరిగింది. మనిషి మట్టిలో వెల్లకిలా పడ్డాడు. ఐదు మెట్లే కాబట్టి ప్రాణం పోలేదు. మోకాలు పట్టుకుని మెలికలు తిరిగాడు.

ఇద్దరు పరుగెత్తబోతే మల్లవ్వ చేతులు అడ్డం పెట్టింది. దగ్గరికి వెళ్లి, వంగి, అందరికీ వినబడేలా అడిగింది:

"తాగినవా స్వామీ?"

గాలి హోరులో కూడా ఆ మాట అందరికీ చేరింది. "ఏం మాటంటున్నవ్ మాతా... మాల మీదున్న," అన్నాడు రాఘవేంద్ర.

"ఆయన మెడల గూడ గిదే మాల ఉండె. తాగి ఎక్కిండు, గందుకే పడ్డడు అన్నవ్ గద. నువ్వు పడితివి. చెప్పు, ఎంత తాగినవ్?"

"తాగలె మాతా."

"ఆయన?"

పైన ఒక రేకు పెళ్లున లేచి చీకట్లోకి పోయింది. తర్వాత ఇంకొకటి. రాఘవేంద్ర వాటికేసి చూడలేదు. మాల రెండు చేతులతో పట్టుకుని ఏడ్చాడు. "పోశయ్య స్వామి తాగలె. నేనే ఎక్కించిన. నా మీదికొస్తదని గట్ల చెప్పిన," అన్నాడు. మొగిలయ్య మొహం చేతుల్లో దాచుకున్నాడు. వాడికి మొదట్నుంచీ తెలుసు.

రాఘవేంద్ర ఆమె కాళ్లు పట్టుకోబోయాడు. మల్లవ్వ రెండడుగులు వెనక్కి వేసింది.

"పొద్దుగాల ఠాణాకు పోదాం. గిదే మాట ఆడ చెప్పాలె."

"మాల తీసినంక వస్త మాతా. దీక్షల ఠాణా మెట్లెక్కుడు..."

"మాల తీసినంక నువ్వు మళ్ల సేటువైతవ్," అంది. "మెడల ఉండంగనే పోవాలె."

ఇంటికి పోకుండా ఆమె ఎదుటి గోడవార కూర్చుంది. షెడ్డు మీద రేకులు లేచిన ప్రతిసారీ తలెత్తి చూసింది. నేను ఫోన్ తీసి, "ఇంకో రెండు గంటల్లో తగ్గుతుంది," అన్నాను. "తొందరేముంది సారూ," అంది. తెల్లారేసరికి సగం రేకులు లేవు, పెట్టెలన్నీ తడిసి ముద్దయ్యాయి.

తొమ్మిదింటికి ఠాణాలో రాఘవేంద్ర చెప్పాడు, నేను కాగితం మీద రాశాను, ఆయన సంతకం పెట్టాడు. పాత కేసు, పైవాళ్లను అడిగి చూస్తామన్నారు. మల్లవ్వకు చదువు రాదు. రాసింది నాతో రెండుసార్లు చదివించుకుంది. ఉత్త పోశయ్య అని రాశానని గమనించి, "పక్కన స్వామి అని వెట్టు," అంది. పెట్టాను.

బయటికొచ్చాక రాఘవేంద్ర మెట్ల మీద కూలబడ్డాడు. మోకాలు కొబ్బరికాయంత వాచింది. "ఐపోయింది గద మాతా. ఇంక నన్నిడిసిపెట్టు."

"ఇంక పీఠం కాడికి పోవాలె. స్వాములందరి ముంగట గిదే మాట చెప్పాలె."

పీఠం అక్కడికి రెండు కిలోమీటర్లు. ఆయన కుంటడం చూడలేక నేను ఆటో కోసం చెయ్యెత్తాను. మల్లవ్వ నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"నా మొగన్ని తీస్కపోయిననాడు ఒక్క స్వామి ఎన్క నడువలె సారూ. గీయన నడువనీ."

ఆయన నడిచాడు. ముందు మల్లవ్వ, వెనక ఆయన, ఆ వెనక నేను. దారిలో ఎన్నిసార్లు ఆగాడో లెక్కపెట్టలేదు. ఆయన ఆగినప్పుడల్లా ఆమె వెనక్కి తిరగకుండానే ఒకే మాట అంటూ వచ్చింది.

"నడువు స్వామీ."