ఆడ అంటే యాడ?

దేవసహాయం గారు దివంగతులయ్యారన్న వార్త నాకు బోగోలులో, పొలం గట్టు మీద అందింది. కావలి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చిన ఆయన మేనల్లుడు, "మామ పోయినాడు సార్. కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు" అన్నాడు. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. "ఎవురో గిట్టనోళ్ళు పుట్టించినారు పో! ఆ మనిషి కుర్చీలో కూర్చునిందెప్పుడు?" అని కసిరాను. అతను భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అప్పుడు అతని సైకిలు వెనక ఎక్కాను.

కావలిలో వారి ఇంటి ఆవరణలో అడుగు పెట్టగానే దండెం మీద ఆయన పంచె, చొక్కా ఆరుతూ కనిపించాయి. క్షణకాలం ఆశ పుట్టింది. బట్టలు ఆరేసి ఉన్నచోట మనుషులుంటారని నాకు నేర్పింది ఆయనే. ఆ ఆశ వసారా దాకా కూడా నిలవలేదు. ఆయన భార్య సుగుణమ్మ వదిన నన్ను చూసి, "రమణయ్యా, మీ అన్న ఎంత కుదురుగా కూర్చున్నాడో చూడు" అంది. ఆ మాటకు ఏడవనివాళ్ళు అక్కడ లేరు.

ఆయన ఉద్యోగమేమిటో ఊళ్ళో చాలామందికి తెలియదు. మిలిటరీలో ఏదో ఫొటోల పని అనుకునేవారు. సెలవులకు వచ్చినప్పుడు, "మా పాప పెళ్ళికి రెండు ఫొటోలు తీసిపెట్టు సార్" అని అడిగిన ఘనులూ ఉన్నారు. ఆయన ఫొటోలు తీసేవారు కాదు, చదివేవారు. విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలను పరీక్షించి, సైన్యం గురిపెట్టవలసిన స్థలం భూమి మీద సరిగ్గా ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలు గణించి ఇచ్చే అరుదైన విద్య ఆయనది. యాభైల చివరి సంవత్సరాల నుంచి ఆయన పక్క బల్ల నాది. ఆ కార్యాలయం పేరు మాత్రం రాయను. రాస్తే ఆయన లేచి వచ్చి మరీ తిడతారు.

ఆయనది అవిశ్రాంత ప్రకృతి. కార్యాలయంలో అందరూ కాలుగాలిన పిల్లి అనేవాళ్ళం. ఒక లెక్క ముగిస్తే లేచి గది చుట్టూ తిరిగి వచ్చి మళ్ళీ మొదటి నుంచి చేసేవారు. "అక్కడెక్కడో" అన్న మాట చెవిన పడితే ఒంటి మీద జెర్రి పాకినట్టు ఉలిక్కిపడేవారు. మా నెల్లూరు వాళ్ళం నోరు తెరిస్తే ఆడ, ఈడ, యాడ అంటాం కదా. ఎవరైనా "ఆడ ఉంది సార్" అంటే చాలు, "ఆడ అంటే యాడ?" అని మీదికి వచ్చేవారు. ఇంట్లోనూ అంతే. ఒకనాడు భోజనం దగ్గర "ఉప్పు యాడ?" అన్నారు. వదిన వంటింట్లోంచి "ఆడే ఉంది చూడండి" అంది. "ఆడ అంటే యాడ?" అన్నారీయన. "మీ ముక్కు కింద!" అంది ఆ మహాతల్లి. ఉప్పు నిజంగానే విస్తరి పక్కనే ఉంది. ఆయన నవ్వి, "ఇదీ జవాబంటే" అని మెచ్చుకున్నారు.

నా తొలి రోజుల్లో ఒక పొగగొట్టం స్థానం గుర్తించమంటే, ఫొటోలో దాని కొన మీద చుక్క పెట్టాను. ఆయన చూసి తల కొట్టుకున్నారు. "అబ్బయా, మన తీరంలో తాటిచెట్లు ఫొటోలో ఎట్టా ఉంటాయో చూసినావా?" అంటూ ఒక చిత్రం నా ముందు పడేశారు. మధ్యలో ఉన్న చెట్లు గుండ్రని చుక్కల్లా ఉన్నాయి. అంచుల్లో ఉన్నవి బయటి వైపుకు పడుకున్నట్టున్నాయి. ఎత్తయినదేదైనా ఆకాశం నుంచి చూస్తే అట్లా వాలి కనిపిస్తుంది. "తల చూసి మోసపోబాక. మొదలు చూడు. చెట్టుండేది మొదలుకాడ" అన్నారు. ఆ తరువాత నేను చుక్క తప్పు పెట్టలేదని చెప్పను గాని, కొన మీద మాత్రం పెట్టలేదు.

ఇక మా తీరం సంగతి. ఫిరంగుల అభ్యాసం కోసం సముద్రపు ఒడ్డున ఒక నిర్జన స్థలం చూసి, గురి బిందువు గణించి ఇమ్మన్నారు. చిత్రంలో ఇసుక, పక్కన సరుగుడు తోపు, అంతే. తోపు పక్కన ఇసుకలో మాత్రం తెల్లని నలుసులు కొన్ని కనిపించాయి. పై అధికారి అవి ఫిల్ము మీద గీరులని తేల్చేశారు. ఈయన వినలేదు. మా పనిలో ఒకే చోటిని రెండు ఫొటోలు తీస్తారు. రెంటినీ జంట అద్దాల కింద పెట్టి చూస్తే నేల మిట్టపల్లాలతో లేచి నిలబడుతుంది. "గీరైతే ఒక ఫొటోలో ఉంటాది. రెంట్లోనూ అదే చోట ఎట్టా ఉంటాది సార్? నేను పోయి చూడందే సంతకం పెట్టను" అన్నారు. వాదన ముదిరింది. చివరికి సెలవు పెట్టి, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరారు.

మండుటెండలో, ఫొటో చేత పట్టుకుని ఆ ఇసుకలో అటూ ఇటూ తిరుగుతుంటే తోపులోంచి ఒక ముసలమ్మ వచ్చి, "ఏం పోగొట్టుకున్నావు నాయనా, ఎతకతా ఉండావు?" అంది. ఆమె వెనక సరుగుడు నీడలో గుడిసెలు. ఆకాశానికి ఒక్కటీ కనపడకుండా నీడలో దాగిన గుడిసెలు. ఇసుక మీద ఆరేసిన బట్టలు. మా నలుసులు అవే! ఆయన ఆ బట్టల పక్కన నిలబడి, కాలితో ఇసుకను తొక్కి, "ఈడ, రమణయ్యా, ఈడ!" అని కేకపెట్టారు. "ఆడ అని గదిలో కూర్చుని అనేది సుళువు. ఈడ అని నిలబడి అనగలిగితేనే మనకు తెలిసినట్టు" అన్నారు. ముసలమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెనక్కి వచ్చాం. గురి వేరే చోటికి మారింది. ఈయనకు రావలసిన పదోన్నతి మాత్రం ఇంకొకరికి పోయింది. దానికి నేను రగిలిపోయాను గాని, ఆయన ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు.

అరవై అయిదులో యుద్ధం వచ్చింది. శత్రువుల మందుగుండు కొట్టమొకటి ఆయన బల్ల మీదికి వచ్చింది. కొట్టం రెండు ఫొటోల్లోనూ స్పష్టంగా ఉంది. దాని పక్క మూలలో, ఒక ఫొటోలో, తెల్లని నలుసులు. రెండో ఫొటోలో ఆ మూల మీద మబ్బు! గీరులో, బట్టలో తేల్చే దారి లేదు. పోయి నిలబడి చూసేందుకు అది మన సరుగుడు తోపా? ఆయన పై అధికారికి విన్నవించారు. "ఇంకో ఫొటో వచ్చేదాకా అవతలివాళ్ళు ఆగుతారా దేవసహాయం? ఆ మందుగుండు రేపు మనవాళ్ళ నెత్తిన పడుతుంది" అన్నారాయన. అదీ నిజమే. ఈయన చెమటలు కక్కుతూ గణించారు, సరిచూశారు, సంతకం పెట్టారు. గురి వెంట్రుకవాసి తప్పలేదని ప్రశంస వచ్చింది. అందరం చేతులు కలిపాం. ఆయన చెయ్యి చల్లగా ఉంది.

ఆ తరువాత ఎక్కువ కాలం ఉద్యోగంలో నిలవలేదు. కావలి వచ్చేశారు. నేనూ విశ్రాంతి పుచ్చుకుని బోగోలు చేరాను. ఆయన చాంచల్యం ఇంకా పెరిగింది. తెల్లవారితే రైలు కట్ట వెంట నడక, ఎండ చల్లబడితే మళ్ళీ నడక. ఎవరి పెరట్లో బట్టలు ఆరేసి ఉన్నా నిలబడిపోయేవారు. గృహిణులు మొదట్లో విసుక్కున్నారు, తరువాత జాలిపడ్డారు. నేను కనిపిస్తే ఒకటే ప్రశ్న. అది మునుపటి ప్రశ్న కాదు. "రమణయ్యా, ఆడ ఎవురుండారు?"

నాకు విసుగు పుట్టేది. పుట్టదా మరి? "ఎవురుంటే ఏందన్నా! ఆ కొట్టం పేలకుంటే మనోళ్ళు ఎంతమంది పోయుండేవాళ్ళో! నీ గురి తప్పలేదు గదా?" అని అరిచాను ఒకసారి. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "తప్పలా అబ్బయా. అందుకే అడగతా ఉండా. కొట్టం సంగతి కాదు, ఆ మూల సంగతి చెప్పు." ఆ మబ్బు వెనక ఏముందో దేవుడికి తెలియాలి. పోయిన ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ కూడా అదే అడిగారని వదిన చెప్పింది.

మహనీయులు గతించినప్పుడు వారి స్థానం పూరింపరానిదని రాయడం మర్యాద. మర్యాద కోసం నేను రాయడం లేదు. లెక్క సరిగా చేసేవారు ఇంకా పుడతారు, ఆయన కంటే నేర్పరులూ పుడతారు. లెక్క సరిపోయిన తరువాత కూడా నిద్రపట్టని మనిషిని నేను ఆయనొక్కరినే చూశాను. అట్లాంటివాడు మళ్ళీ నాకు దొరకడు.

సమాధుల దొడ్డిలో గొయ్యి తవ్వే మనిషి పార భుజాన వేసుకుని నన్నడిగాడు: "యాడ తవ్వమంటారు సామీ?" పాదిరి గారు చెప్పిన వేపచెట్టు వైపు చెయ్యి చూపి, "ఆడ" అన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను. వెనకనుంచి ఎవరూ ఏమీ అనలేదు. ఇన్నేళ్ళలో ఆ మాటకు ఎదురు ప్రశ్న రాకపోవడం అదే మొదటిసారి.

చేయి దించి నడిచాను. పల్లేరుకాయలు గుచ్చుకుంటున్నా ఆ చెట్టు దాకా పోయి, కొమ్మల నీడ కాదు, మొదలు చూసుకుని, దాని పక్కన రెండు కాళ్ళూ ఊని నిలబడ్డాను.

"ఈడ" అన్నాను.

చోటు సరిచూసినానన్నా. ఇంక కుదురుగా ఉండు.